ఇంగ్లీషు గమన పదాలు: అర్థభేదాల వెనక చరిత్ర

ట్రావెల్, జర్నీ, వాయేజ్, ట్రిప్, టూర్. ఈ అయిదింటినీ తెలుగులో చాలా సందర్భాల్లో ‘ప్రయాణం’ అని చెప్పేయవచ్చు. ఇంగ్లీషులో మాత్రం ఒకదాని చోట మరొకటి ఇమడదు. సముద్రం దాటితే వాయేజ్, పని చూసుకుని తిరిగొస్తే ట్రిప్, నాలుగు ఊళ్లు చుట్టి వస్తే టూర్. నడకను, స్వారీని, వలసను చెప్పే మాటల్లోనూ ఇలాంటి తేడాలే ఉన్నాయి. వీటిని వ్యాకరణవేత్తలెవరూ కూర్చుని నిర్ణయించలేదు. ఒక్కో మాట ఏ కాలంలో, ఎలాంటి జనం నోట, ఏ రకం ప్రయాణానికి వాడుకలోకి వచ్చిందో ఆ గుర్తు దాని అర్థంలో మిగిలిపోయింది.

తొలి పొర: నడక, స్వారీ, తోలడం

ఇంగ్లీషు సొంత మాటల్లో అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది గో. పాత ఇంగ్లీషులో దాని రూపం గాన్. ఈ క్రియకు చాలాకాలం ‘నడిచి వెళ్లడం’ అనే అర్థం గట్టిగా ఉండేది. గుర్రమెక్కి పోతే రైడ్, కాలినడకన పోతే గో. ఈ క్రియకు భూతకాల రూపం మొదట వేరే ఉండేది. 15వ శతాబ్దం వచ్చేసరికి ఆ చోటును వెంట్ ఆక్రమించింది. నిజానికి వెంట్ అనేది వెండ్ అనే మరో క్రియకు భూతకాలం. వెండ్ అంటే మళ్లడం, దారి మార్చుకోవడం. తన రూపాన్ని గోకు ఇచ్చేసిన వెండ్‌కు తర్వాత వెండెడ్ అని కొత్త భూతకాలం కుదిరింది. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలను తికమకపెట్టే గో, వెంట్ జంట అలా ఏర్పడింది.

వెళ్లడాన్ని చెప్పే మరో పాత క్రియ గాంగన్. దానికి దగ్గరి నామవాచకమే గ్యాంగ్. ముందు ‘వెళ్లడం, దారి’ అనే అర్థమున్న ఈ మాట కలిసి వెళ్లే గుంపుకు, కలిసి పనిచేసే కూలీల జట్టుకు పేరైంది. రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్ పేరులోనూ, ఓడ ఎక్కే గ్యాంగ్‌వేలోనూ ఉన్నది ఆ పాత నడకే.

వాక్‌కు ముందు నడకతో సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో దాని మూలక్రియకు దొర్లడం, అలలా ఎగసిపడడం అని అర్థం. తిరుగాడడం మీదుగా అది నడక అనే అర్థానికి చేరడం 13వ శతాబ్దం నాటి మార్పు. ఇదే కుటుంబంలోని మరో అర్థం ఇంటిపేర్లలో నిలిచింది. నేసిన ఉన్ని గుడ్డను నీళ్లలో వేసి కాళ్లతో తొక్కి దట్టం చేసేవాణ్ణి వాకర్ అనేవారు. ఇంగ్లండులో ప్రాంతాన్ని బట్టి ఈ వృత్తికి ఫుల్లర్, టక్కర్ అనే పేర్లూ ఉన్నాయి. వాకర్ ఇంటిపేరు వెనక ఉన్నది బాటసారి కాదు, గుడ్డ తొక్కే పనివాడు.

రైడ్, డ్రైవ్‌ల మధ్య తేడా కూడా జంతువుల కాలం నాటిదే. రైడ్ చేసేవాడు జంతువు మీద కూర్చుంటాడు. డ్రైవ్ చేసేవాడు దాన్ని వెనక నుంచి అదిలించి ముందుకు నడిపిస్తాడు. తెలుగులో తోలడం సరిగ్గా ఇలాంటి మాటే. పశువులను తోలారు, బండి తోలారు, కొన్ని చోట్ల ఇప్పుడు ఆటోలూ కార్లూ తోలుతున్నారు. ఇంగ్లీషులోనూ డ్రైవ్ పశువుల మంద నుంచి గుర్రపు బండికి, అక్కడి నుంచి కారుకు వచ్చింది. మోటారు సైకిలుకు మాత్రం గుర్రంలాగే పైకెక్కి కూర్చోవాలి కాబట్టి రైడ్ కుదిరింది. బస్సులో ఊరికే కూర్చుని వెళ్లే ప్రయాణికుడు కూడా రైడ్ చేసేవాడే. తోలే బాధ్యత అతనిది కాదు.

పాత ఇంగ్లీషులో ప్రయాణానికి సాధారణమైన క్రియ ఫరాన్, నేటి ఫేర్. ప్రయాణ క్రియగా అది దాదాపు మాసిపోయినా సమాసాల్లో బతికే ఉంది. బాటసారి వేఫేరర్, రహదారి థరోఫేర్. పని బాగా సాగిందా లేదా అనే అర్థంలోనూ ఫేర్ వాడతారు, ‘ఎలా నడుస్తోంది?’ అని తెలుగువాళ్లు అడగడంలో ఉన్న నడకే అది. వెల్ఫేర్ అంటే బాగా సాగిపోవడం. ఫేర్‌వెల్ మొదట ఊరికి బయలుదేరేవారికి మిగిలినవారు చెప్పిన మాట: క్షేమంగా వెళ్లి రండని. దారికి చెల్లించే డబ్బుకు, అంటే నేటి బస్సు చార్జీకి, ఫేర్ అనే పేరు తర్వాత వచ్చింది.

నార్మన్ల తర్వాత

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దొరల భాషగా ఫ్రెంచి నిలిచింది. తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో గమనాన్ని చెప్పే మాటలు గుంపుగా ఇంగ్లీషులోకి దిగాయి. వాటిలో ఒక పోలిక కనిపిస్తుంది. ఎంటర్, రిటర్న్, పాస్, డిసెండ్ వంటివి దిక్కును చెబుతాయి. లోపలికా, వెనక్కా, కిందికా అన్నది క్రియలోనే ఉంటుంది. ఎలా కదిలారో చెప్పవు. నేటికీ గో డౌన్ అంటే ఇంటి మాట, డిసెండ్ అంటే కాగితం మీది మాట. ఒకే కదలికకు రెండు మర్యాదలు.

అరైవ్ ఆ కాలంలోనే వచ్చింది. దాని లాటిన్ మూలంలో రీపా ఉంది, అంటే ఒడ్డు. మొదట్లో అరైవ్ కావడమంటే పడవ దిగి ఒడ్డు చేరడమే. ఇప్పుడు సముద్రం ఛాయలకు రాని రైళ్లూ స్టేషన్లకు అరైవ్ అవుతున్నాయి.

జర్నీ ఫ్రెంచి జూర్నేతో చుట్టరికం ఉన్న మాట. అసలు అర్థం ఒక రోజు, ఒక రోజు పని, ఒక రోజులో నడవగల దూరం. ఆ దూరాన్ని సుమారు 20 మైళ్లుగా లెక్కగట్టేవారు. రోజుకూలీ తీసుకునే పనివాడు జర్నీమన్ అయ్యాడు. ఏ రోజుకు ఆ రోజు రాసుకునే పుస్తకం జర్నల్. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన నిఘంటువులో కూడా ఒక రోజు ప్రయాణమే జర్నీకి మొదటి అర్థం. తెలుగులో దీనికి దగ్గరగా నిలిచే మాట మజిలీ. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ నడిచేది ఆ లెక్క మీదే: పగలంతా నడక, ఆగిన చోట ఒక కథ. జర్నీ అనగానే నేటికీ దూరం, గడిచే కాలం, మధ్య మజిలీలు గుర్తుకు రావడానికి ఇదే కారణం. జీవితాన్ని జర్నీ అంటారు గాని ట్రిప్ అనరు.

ట్రావెల్ పుట్టుక కష్టంలో ఉంది. మధ్యయుగ లాటిన్‌లో మూడు కొయ్యలతో చేసిన చిత్రహింస సాధనాన్ని ట్రెపాలియం అనేవారు. దాన్నుంచి ఫ్రెంచిలో కాయకష్టానికి పేరు వచ్చింది. నేటికీ ఫ్రెంచి వాళ్లకు ట్రవాయ్ అంటే పని. ఇంగ్లీషు వాళ్లు అదే మాటను 14వ శతాబ్దంలో ప్రయాణానికి కూడా వాడసాగారు. బురద దారులు, దొంగల భయం, వంతెన లేని ఏళ్లు ఉన్న రోజుల్లో ప్రయాణం కష్టమే గనక ఈ మార్పు సహజంగా జరిగింది. చాలాకాలం ఒకే మాట రెండు అర్థాలూ మోసింది, వర్ణక్రమాలు కలగాపులగంగా ఉండేవి. చివరకు శ్రమకు ట్రవెయిల్, ప్రయాణానికి ట్రావెల్ అని విడిపోయాయి. ట్రావెల్ ఒక ప్రత్యేక ప్రయాణాన్ని గాక ప్రయాణించడమనే పనిని చెప్పే మాటగా స్థిరపడింది. అందుకే ఇంగ్లీషులో ‘ఒక ట్రావెల్’ అంటే తప్పు, ‘ఒక జర్నీ’ అంటే ఒప్పు.

వాయేజ్ మూలం లాటిన్ వియాటికుం. అచ్చంగా దారిబత్తెం. దారిలో తినడానికి, ఖర్చుకు కట్టుకున్న మూట పేరే ప్రయాణానికి పేరైంది. మొదట నేల మీది ప్రయాణమూ వాయేజే. ఓడల్లో దూరదేశాలకు పోవడం పెరిగిన కాలంలో అది నీటికి పరిమితమైంది. 1977లో అమెరికా ప్రయోగించిన రెండు వ్యోమనౌకలకు వాయేజర్ అని పేరు పెట్టడంతో ఆ మాట ఆకాశంలోకీ వెళ్లింది.

దారిలో తిరిగేవారు

నెమ్మది నడకను చెప్పే మాటలకు ఒకప్పుడు మంచి పేరు లేదు. ఎలిజబెత్ రాణి కాలంలో, 1572లో చేసిన చట్టం ప్రకారం ఏ ప్రభువు అండా లేని నాటకాలవాళ్లు కూడా దేశదిమ్మరుల లెక్కలోకే వచ్చేవారు. ఆ తర్వాతి తరంలో, 17వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చిన స్ట్రోల్ అలాంటి తిరుగుబోతుల నడకను చెప్పింది. ఊరూరా ఆడే నటులు స్ట్రోలింగ్ ప్లేయర్లయ్యారు. తీరిక ఉన్న మధ్యతరగతి పెరిగాక స్ట్రోల్ సాయంకాలపు షికారుగా మారింది. షికారు కూడా పారసీకంలో వేటను చెప్పే మాట; తెలుగులోకి వచ్చాక పొద్దుపుచ్చే నడక అయింది. బరువుగా అడుగులు వేయడాన్ని చెప్పే ట్రాంప్‌కు మాత్రం అదృష్టం తిరగబడింది. అది పని, ఇల్లు లేక తిరిగేవాడికి పేరైపోయింది.

యాత్రలు కూడా మాటలను మిగిల్చాయి. 1170లో హత్యకు గురైన ఆర్చిబిషప్ థామస్ బెకెట్ సమాధి చూడడానికి కాంటర్‌బరీకి జనం గుర్రాల మీద వెళ్లేవారు. ఆ యాత్రికులు పోయే తీరును బట్టి, ట్రాట్ కన్నా వేగంగా, గాలప్ కన్నా నెమ్మదిగా సాగే గుర్రపు నడకకు ఊరి పేరే పెట్టారు. అది కురచై కాంటర్ అయింది. అయితే అన్ని కథలూ నమ్మదగ్గవి కావు. అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో నడక మీద రాసిన వ్యాసం 1862లో అచ్చయింది. అందులో తీరిక నడకను చెప్పే సాంటర్ అనే మాటను పవిత్రభూమికి పోయే యాత్రికులతో ముడిపెట్టాడు. భాషాశాస్త్రజ్ఞులు ఆ వ్యుత్పత్తిని ఒప్పుకోరు.

సరదా ప్రయాణం, రోజువారీ ప్రయాణం, వలస

ట్రిప్ మొదట తేలికపాటి అడుగు, గెంతు. అడుగు తప్పి తూలడం దాని మరో అర్థం. కాలికి ఏదో తగిలి పడబోతే నేటికీ ట్రిప్ అనే అంటారు. చిన్న ప్రయాణం అనే అర్థం 17వ శతాబ్దంలో నావికుల వాడుక నుంచి వచ్చింది. తేలికదనం మాత్రం పోలేదు. ట్రిప్ చిన్నది, వెళ్లి రావడం కలిసినది.

టూర్‌లో ఉన్నది చుట్టు. లాటిన్‌లో దాని మూలం లేత్ మిషన్ వంటి తిరుగుడు యంత్రానికి పేరు. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండు ధనిక కుటుంబాలు కొడుకులను చదువు ముగింపుగా పారిస్ మీదుగా ఆల్ప్స్ దాటించి రోమ్ దాకా పంపేవి. 1670లో రిచర్డ్ లాసెల్స్ ఇటలీ ప్రయాణ గ్రంథం వెలువడిన నాటి నుంచి దానికి గ్రాండ్ టూర్ అనే పేరు వ్యాపించింది. 1841 జులై 5న థామస్ కుక్ లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని తలకో షిల్లింగు చొప్పున రైల్లో తీసుకెళ్లాడు. టూర్ అప్పటి నుంచి క్రమంగా ప్రభువుల చేతి నుంచి జీతగాళ్ల చేతికి వచ్చింది.

దక్షిణాఫ్రికాలో డచ్చి మూలాల బోయర్లు 1835 నుంచి బ్రిటిష్ పాలన తప్పించుకుని ఎడ్లబండ్లలో లోపలి ప్రాంతాలకు తరలిపోయారు. ఆ వలస నుంచి వచ్చినది ట్రెక్. డచ్చిలో దాని అర్థం లాగడం, లాగినవి ఎడ్లు. ఇప్పుడది కొండదారుల్లో కావాలని పడే శ్రమ.

కమ్యూట్ పుట్టింది టికెట్ కిటికీ దగ్గర. 19వ శతాబ్దపు అమెరికా రైళ్లలో రోజువారీ చార్జీలన్నిటినీ కలిపి తగ్గింపు ధరకు మార్చి ఇచ్చే పాసును కమ్యుటేషన్ టికెట్ అనేవారు. కమ్యూట్ అంటే మార్చడం. పాసు ఉన్నవాడు కమ్యూటర్ అయ్యాడు, అతని రోజువారీ రాకపోకలు కమ్యూట్ అయ్యాయి. తెలుగువాళ్లు దీన్ని అప్ అండ్ డౌన్ చేయడం అంటారు. అదీ రైలు మాటే. బ్రిటన్‌లో లండన్ వైపు పోయే బండి అప్, లండన్ నుంచి వచ్చేది డౌన్.

ఎమిగ్రెంట్, ఇమ్మిగ్రెంట్ ఒకే మనిషికి రెండు రేవుల్లో ఉండే పేర్లు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. మద్రాసు రేవు లెక్కలో వాళ్లు ఎమిగ్రెంట్లు, అంటే వెళ్లిపోయేవారు. డర్బన్ ఉన్న నటాల్ లెక్కలో ఇమ్మిగ్రెంట్లు, అంటే వచ్చి చేరినవారు. రెండు మాటల మధ్య తేడా అంతా రాసేవాడు ఏ ఒడ్డున కూర్చున్నాడన్నదే.

వాక్య నిర్మాణంలో తేడా

ఈ చరిత్ర ఇంగ్లీషు వాక్యాన్ని కూడా మలిచింది. సొంత క్రియలు ఎక్కువగా ఎలా కదిలారో చెబుతాయి; ఎటు అన్నది ఇన్, అవుట్, అప్ వంటి చిన్న మాటలకు వదిలేస్తాయి. 1980ల నుంచి లియొనార్డ్ టాల్మీ వంటి భాషాశాస్త్రవేత్తలు ఈ ప్రాతిపదిక మీద ప్రపంచ భాషలను పోల్చారు. ఫ్రెంచి, స్పానిష్ వంటి భాషల్లో దిక్కు ప్రధాన క్రియలో, కదిలే తీరు విడిగా ఉంటాయి. తెలుగులో వచ్చు, వెళ్లు, ఎక్కు, దిగు ఎటన్నది చెప్పేస్తాయి. తీరు ‘కుంటుకుంటూ’, ‘తూలుతూ’, ‘గబగబా’ వంటి మాటల పని. ఇంగ్లీషులో లింప్, స్టాగర్, ట్రడ్జ్ వంటి విడి క్రియలు అన్నేసి ఉండడానికి ఈ అమరిక ఒక ముఖ్య కారణం.

తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు మాటలూ ఇక్కడ కొత్త హద్దులు గీసుకున్నాయి. జర్నీ చేసి అలసిపోతారు, ఆఫీసు పని మీద టూరు వెళతారు, ఇంటికి రెండు ట్రిప్పుల ఇసుక తోలిస్తారు. ఇంగ్లీషులో తేలిక అడుగుగా మొదలైన ట్రిప్పు ఇక్కడ ట్రాక్టరు లోడును లెక్కించే కొలత అయింది.