ద్యూతాధ్యక్షుడు

జూదమనగానే మనకు ధర్మరాజును శకునియు జ్ఞప్తికి వత్తురు. ఆ సభలో పాచికలను పరీక్షించినవాడు గాని, పందెమునకు మేర విధించినవాడు గాని లేడు. జూదరులపై కన్నుంచు నధికారి లేని సభ యెట్లు ముగిసెనో మీరెరుగుదురు. అట్టి యధికారిని గూర్చి నాలుగు మాటలు నేడు మనవి చేసెదను.

శామశాస్త్రిగారు 1909లో మైసూరున ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, తృతీయాధికరణము కడపటి అధ్యాయమున, ద్యూతాధ్యక్షుడు కనబడును. జూదమంతయు నొక్కచోటనే జరుగవలెను. వేరొకచోట నాడినవానికి 12 పణముల దండనము. గూఢముగా జీవించువారిని కనిపెట్టుటకే యీ నియమము. దొంగసొమ్ము చేత బడినవాడు జూదశాలకు రాక మానడు గదా! యాజ్ఞవల్క్యస్మృతియు నీ కారణమునే చెప్పుచున్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను కేతన 13వ శతాబ్దమున తెనిగించుటచే నీ ధర్మము మన భాషలోనికిని వచ్చినది.

అధ్యక్షుడు నిర్దుష్టములైన గవ్వలను పాచికలను ఉంచవలెను. వానిని మార్చినవానికి 12 పణములు. మోసగించినవానికి అంతకు మించిన దండనము, గెలిచిన సొమ్మును పోవును. గెలుపులో నూటికి 5 వంతులు, పాచికల యద్దె, నీటికిని స్థలమునకును రుసుము అధ్యక్షుడు గైకొనును. అయితే పాచికల దోషమును, చేతివాటమును వారింపనిచో నతనికే రెట్టింపు దండనము. కావలివానికిని కావలి యుండెనన్నమాట.

ఇప్పుడు గోవా మొదలుగా గల చోట్ల కాసినోలలో బల్లల నడుమ తిరుగు పర్యవేక్షకుని చూడుడు. ఆటగాడు సగటున నెంత యొడ్డును, ఎన్ని గంటలు కూర్చుండును, గంటకెన్ని పందెములు సాగును అని యతడు లెక్క వ్రాయును. పందెమునకు 500 రూపాయలు, గంటకు 60 పందెములు, 4 గంటలనుకొందము. మొత్తము 1,20,000. అందు శాలవారి లాభము నూటికి 1 వంతైన, వారికి రాదగినది 1,200. అందులో కొంత భాగమును భోజనముగా, బసగా తిరిగి యిత్తురు. ఆటగాడు దానిని మర్యాద యనుకొనును; అది యతడు పోగొట్టుకొనబోవు సొమ్ములోని భాగమే.

పూర్వపు అధ్యక్షుడును రాజునకు ఆదాయము తెచ్చినవాడే. కాని దొంగను, మోసమును పట్టుట యతని విధి. నేటి పర్యవేక్షకుడును మోసమును పట్టును గాని, శాల లాభమే యతని ప్రధాన లక్ష్యము.

మన ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దున కాసినోలు లేవు. 1974 నాటి జూదనిషేధ చట్టమున్నది. దానిని తెలంగాణమున 2017లో అంతర్జాలపు జూదములకును విస్తరింపజేసిరి. కోడిపందెములను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును నిషేధించుచున్నది. అయినను సంక్రాంతికి సత్తుపల్లి, అశ్వారావుపేటల నుండి ఎల్ల దాటి పందెపు బరులకు పోవువారున్నారు. అచ్చట పుంజు బలమును, కత్తి పదునును చూచువారు కలరు. ఓడినవాని యింటి లెక్క చూచువాడు లేడు. పండుగ మరునాడు ఎడ్లను తాకట్టు పెట్టి, కుమారుని బడి మాన్పించిన తండ్రిని నేనెరుగుదును. ఆ పిల్లవాడు నా తరగతిలో లెక్కలయందు మొదటివాడు.

ఆ తండ్రికి ఆ లెక్క ముందే తెలిసియున్న నెంత బాగుండెడిది! శ్రోతలారా, రాజు నియమించిన అధ్యక్షుడు నేడు లేడు. కావున ప్రతి గృహస్థుడును తన యింటికి తానే ద్యూతాధ్యక్షుడు కావలెను.