సీబీఎస్ఈ టెన్త్: 90 మార్కులొచ్చినా ఏ1 ఎందుకు రాదు?

మీ అమ్మాయికి రెండు సబ్జెక్టుల్లోనూ 90 మార్కులే వచ్చాయనుకోండి. ఒకదాంట్లో ఏ1, మరోదాంట్లో ఏ2 పడొచ్చు. అది పొరపాటు కాదు, గ్రేడింగ్ పద్ధతే అంత.

మార్కులు ఎలా వేస్తారు?

ప్రధాన సబ్జెక్టుల్లో ఒక్కోదానికి 100 మార్కులు. బోర్డు రాతపరీక్షకు 80, స్కూల్లో వేసే ఇంటర్నల్స్‌కు 20. రెండూ కలిపి 33 వస్తే ఆ సబ్జెక్టు పాస్. ఏపీ, తెలంగాణ బోర్డుల్లోలా 35 అక్కర్లేదు.

మరి గ్రేడ్?

ఇది మార్కును బట్టి కాదు, స్థానాన్ని బట్టి వస్తుంది. దేశవ్యాప్తంగా ఆ సబ్జెక్టు పాసైనవారిని మార్కుల వరుసలో పెడతారు. మొదటి ఎనిమిదో వంతుకు ఏ1, తర్వాతి ఎనిమిదో వంతుకు ఏ2. ఇలా డీ2 వరకు 8 గ్రేడ్లు. ఫెయిలైతే ఈ గ్రేడ్. ఉదాహరణకు 8 లక్షల మంది పాసైతే, సుమారు మొదటి లక్ష మందికే ఏ1. సమాన మార్కులొచ్చినవారికి ఒకే గ్రేడ్ వచ్చేలా సర్దుతారు. అందుకే ఎక్కువ మంది బాగా రాసిన సబ్జెక్టులో 90 కూడా ఏ2లో పడొచ్చు.

మీరేం చేయాలి?

గ్రేడ్ ఒక్కటే చూసి పిల్లల్ని మందలించకండి. ముందు మార్కులు చూడండి. అవి తగ్గాయనిపిస్తే బోర్డు ఇచ్చిన గడువులోగా వెరిఫికేషన్, రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు చేయండి. అయితే మార్కులు పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. ఇంటర్నల్స్ మాత్రం స్కూల్ ఒకసారి అప్‌లోడ్ చేశాక మారవు. వాటి గురించి ఏడాది మధ్యలోనే టీచర్‌ను అడగండి.