కుటుంబ చరిత్ర: రొమ్ము క్యాన్సర్

రక్తసంబంధీకుల్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే దాన్ని వైద్యులు ఆ జబ్బుకు కుటుంబ చరిత్ర అంటారు. తల్లికో, అక్కచెల్లెళ్లకో, కూతురికో జబ్బు వచ్చిన స్త్రీకి ముప్పు మిగతావారికంటే సుమారు రెట్టింపు. జబ్బు ఇద్దరు ముగ్గురికి వచ్చినా, చిన్న వయసులోనే వచ్చినా ముప్పు మరింత పెరుగుతుంది. అయినా కుటుంబ చరిత్ర ఉన్నవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు ఎన్నడూ రాదు; జబ్బు వచ్చినవారిలోనూ ఎక్కువమందికి తల్లి, తోబుట్టువుల్లో రోగులు ఉండరు.

జన్యు కారణాలు

రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం మాత్రమే తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించిన ఏదో ఒక జన్యువులోని లోపం వల్ల వస్తాయి. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా తన భార్య వంశంలో ఈ జబ్బు తరతరాలుగా కనిపించడాన్ని 1866లోనే నమోదు చేశాడు. 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం దీనికి కారణమైన జన్యువు 17వ క్రోమోజోమ్‌పై ఉందని చూపింది. బీఆర్‌సీఏ1 అనే ఆ జన్యువును 1994లో, 13వ క్రోమోజోమ్‌పై ఉన్న బీఆర్‌సీఏ2ను 1995లో గుర్తించారు.

తెగిన డీఎన్‌ఏను సరిచేయడం ఈ జన్యువుల పని. ప్రతి కణంలో వీటికి రెండు ప్రతులుంటాయి. ఒకటి పుట్టుకతోనే చెడి ఉన్నవారిలో, ఏదైనా కణంలో రెండోదీ చెడితే మరమ్మతు కుంటుపడుతుంది. లోపాలు పోగుపడి క్యాన్సర్‌కు దారితీస్తాయి. ఈ రెండింటిలో ఏ లోపం ఉన్నా 80 ఏళ్లు వచ్చేలోగా 100 మంది స్త్రీలలో సుమారు 70 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుందని అంచనా. అండాశయ క్యాన్సర్ ముప్పు బీఆర్‌సీఏ1 లోపంతో సుమారు 44 శాతం, బీఆర్‌సీఏ2 లోపంతో 17 శాతం. పీఏఎల్‌బీ2, టీపీ53, సీహెచ్ఈకే2, ఏటీఎం జన్యువుల లోపాలూ ముప్పు పెంచుతాయి.

వంశవృక్షం

ముప్పు అంచనాకు మొదటి ఆధారం మూడు తరాల వంశవృక్షం. ఎవరికి, ఏ వయసులో, ఏ క్యాన్సర్ వచ్చింది, ఒక రొమ్ముకా రెండింటికా అన్న వివరాలు అందులో ఉండాలి. అండాశయ, క్లోమ, ప్రోస్టేట్ క్యాన్సర్లనూ, మగవారికి వచ్చిన రొమ్ము క్యాన్సర్‌నూ తప్పక చేర్చాలి. పాత తరాల విషయంలో జబ్బు పేరు తెలియకపోవచ్చు. "కడుపులో నీరు చేరి పోయింది" అని ఇంట్లో చెప్పుకునే నాయనమ్మ మరణం వెనక అండాశయ క్యాన్సర్ ఉండి ఉండవచ్చు.

తండ్రి వైపు చరిత్రకు తల్లి వైపు చరిత్రతో సమానమైన విలువ ఉంది. లోపమున్న తండ్రికి ఏ జబ్బూ రాకపోయినా, ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం 50 శాతం. పెళ్లయ్యాక ఆడపిల్లల ఇంటిపేరు మారడంతో ఒకే లోపం పలు ఇంటిపేర్ల కింద చెదిరిపోతుంది. మేనరికాల్లో భార్యాభర్తలిద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. బీఆర్‌సీఏ2 రెండు ప్రతులూ చెడి పుట్టిన బిడ్డకు ఫాంకోనీ రక్తహీనత అనే తీవ్రమైన వ్యాధి వస్తుంది.

జన్యు పరీక్ష

రక్తం లేదా లాలాజలంతో చేసే ఈ పరీక్షకు ముందూ తర్వాతా జన్యు సలహాదారుతో మాట్లాడటం అవసరం. వీలైతే మొదట జబ్బు వచ్చినవారికే పరీక్ష చేస్తారు. వారిలో లోపం దొరికితే బంధువుల్లో దాని కోసమే వెతకవచ్చు. అది లేదని తేలిన స్త్రీ ముప్పు దాదాపు సాధారణ స్థాయికి వస్తుంది. జబ్బు వచ్చినవారిని పరీక్షించకుండా ఆరోగ్యవంతులకు మాత్రమే చేస్తే, "లోపం లేదు" అన్న ఫలితం పూర్తి భరోసా ఇవ్వదు. హానికరమో కాదో తేలని మార్పు కనిపిస్తే, దాని ఆధారంగా శస్త్రచికిత్సకు వెళ్లరు.

నిఘా, నివారణ

బీఆర్‌సీఏ లోపమున్నవారికి సాధారణంగా 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్ఐ, 30 ఏళ్ల నుంచి దానికి తోడు మామోగ్రామ్ సూచిస్తారు. యువతుల రొమ్ము కణజాలం దట్టంగా ఉండటంతో మామోగ్రామ్ ఒక్కదానికే గడ్డలు చిక్కకపోవచ్చు. లోపం దొరకకపోయినా బలమైన కుటుంబ చరిత్ర ఉన్నవారికి, ఇంట్లో అతి చిన్న వయసులో జబ్బు వచ్చిన వ్యక్తి వయసుకు పదేళ్ల ముందు నుంచి పరీక్షలు మొదలుపెట్టడం ఒక పద్ధతి. తల్లికి 45వ ఏట వస్తే కూతురికి 35వ ఏట మొదలవుతాయి.

అధిక ముప్పు ఉన్న కొందరికి టామోక్సిఫెన్ వంటి మాత్రలు ఇస్తారు. జబ్బు రాకముందే రెండు రొమ్ములూ తీయించుకుంటే ముప్పు 90 శాతానికి పైగా తగ్గుతుంది. నటి ఏంజలీనా జోలీ ఈ శస్త్రచికిత్స సంగతి 2013లో బయటపెట్టాక ప్రపంచవ్యాప్తంగా చర్చ జరిగింది. అండాశయాల్లో జబ్బును తొలిదశలో పట్టే నమ్మకమైన పరీక్ష లేదు. అందుకే పిల్లలు చాలనుకున్నాక, బీఆర్‌సీఏ1 లోపమున్నవారికి 35-40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 ఉన్నవారికి 40-45 ఏళ్ల మధ్య అండాశయాలను, ఫలోపియన్ నాళాలను తొలగించాలని సూచిస్తారు. దీంతో ముట్లు ముందే ఆగిపోతాయి. ఎముకల బలం, గుండె ఆరోగ్యంపై శ్రద్ధ పెట్టాలి.

సామాజిక, చట్టపరమైన అంశాలు

సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో తెలుగు కుటుంబాల్లో జబ్బు సంగతి దాచడం ఉంది. దీనివల్ల పరీక్షలు అవసరమైన బంధువులకు సమాచారం అందదు. అమెరికాలో 2008 నాటి చట్టం ప్రకారం ఆరోగ్య బీమా సంస్థలు గానీ, 15 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న యజమానులు గానీ జన్యు సమాచారం, కుటుంబ చరిత్ర ఆధారంగా వివక్ష చూపకూడదు. జీవిత బీమాకు మాత్రం ఈ రక్షణ వర్తించదు.