రెండు మోకాళ్ళు, ఒకే తేదీ

2016 ఆగస్టు 17, రియో. మహిళల 48 కిలోల కుస్తీ, క్వార్టర్ ఫైనల్. ఇటు వినేశ్ ఫోగట్, అటు చైనా అమ్మాయి సున్ యానన్. తొలి బౌట్‌లో రొమేనియాకు చెందిన ఎమీలియా వుక్‌ను 11-0తో మట్టి కరిపించి వచ్చింది వినేశ్. ఇరవై రెండేళ్ళు ఇంకా నిండలేదు.

పెనుగులాటలో కుడి మోకాలు మెలిపడింది. కేక. రిఫరీ ఆపేశాడు. డాక్టర్లు మ్యాట్ మీదికి ఉరికారు. వినేశ్ లేవలేదు, స్ట్రెచర్ వచ్చింది. ఆ రాత్రే, అదే హాల్లో, సాక్షి మలిక్ 0-5 వెనకబాటు నుంచి కోలుకుని కాంస్యం పట్టుకొచ్చింది. దేశం ఆ సంబరంలో మునిగింది.

పన్నెండు రోజులకు రాష్ట్రపతి భవన్‌లో అర్జున అవార్డుల వేడుక. వినేశ్ చక్రాల కుర్చీలో వచ్చి అవార్డు అందుకుంది.

ఇలా మెలిపడే మోకాలి కీలు లోపల అడ్డంగా దాటుకునే రెండు లిగమెంట్లుంటాయి. ముందుది పిక్క ఎముకను ముందుకు జారనివ్వదు, అతిగా మెలి తిరగనివ్వదు. మన ఊళ్ళ కబడ్డీ బరుల్లో కాలు దొరికాక ఒళ్ళు తిప్పబోయినప్పుడు తెగేదీ ఎక్కువగా అదే. పూర్తిగా తెగితే కుట్టి సరిచేయడం సాధారణంగా కుదరదు. తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో కొంత స్నాయువు తీసి, ఎముకల్లో సొరంగాలు తొలిచి, కొత్త తాడు బిగిస్తారు. సర్జన్ పని గంటా రెండు గంటల్లో అయిపోతుంది. మిగతాదంతా రోగి పనే.

ఆ పని చూసేవాళ్ళకు నవ్వు తెప్పించేంత చిన్నదిగా మొదలవుతుంది. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలిని పరుపుకేసి నొక్కమంటాడు ఫిజియో. ‘నొక్కు’ అని బుర్ర చెబుతుంది, తొడ వినదు. వాపు ఉన్నంతకాలం నరాలు ఆ కండరాన్ని పని చేయనివ్వవు. మొన్నటిదాకా వంద కిలోలు ఎత్తిన తొడ వారం తిరిగేసరికి చేత్తో తడిమితే తెలిసేంతగా కరిగిపోతుంది. చిప్ప పైన కండ ఒక్కసారి బిగిస్తే చాలు, ఇంట్లో పండగే. కాలు పూర్తిగా చాపడం ముందు రావాలి, మడవడం తర్వాత. మనవాళ్ళు మడతకే ఎక్కువ తాపత్రయపడతారు. చాపు రాని కాలు కుంటి నడకకు దారి తీస్తుంది.

అసలు మాయ రెండో నెలలో ఉంది. అప్పటికి నొప్పి తగ్గుతుంది, కర్ర పక్కన పడుతుంది, మెట్లు ఎక్కడం వస్తుంది. సరిగ్గా అప్పుడే లోపలి తాడు బలహీనంగా ఉంటుంది. మడి మార్చిన వరి నారు మూన తిరిగే ముందు పాలిపోయినట్టు, అతికించిన స్నాయువు ముందు తన పాత కణాలను పోగొట్టుకుంటుంది. కొత్త రక్తనాళాలు పాకి, అది లిగమెంటుగా మారడానికి నెలలు పడుతుంది. నొప్పి లేదు కదా అని గెంతేవాళ్ళు దెబ్బ తినేది ఇక్కడే. తొమ్మిది నెలలదాకా ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్ళీ గాయపడే అవకాశం సగం మేర తగ్గుతుందని 2016లోనే ఒక నార్వే అధ్యయనం తేల్చింది.

2017 మేలో, గాయమైన తొమ్మిది నెలలకు, ఢిల్లీ ఆసియా చాంపియన్‌షిప్‌లో వినేశ్ రజతం గెలిచింది. మరుసటి ఏడు ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి రౌండ్‌లోనే ఎదురైంది ఎవరనుకున్నారు? సున్ యానన్. వినేశ్ 8-2తో గెలిచింది. సాయంత్రానికి స్వర్ణం.

2023లో రెండో మోకాలు. వసంతమంతా ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర రెజ్లర్ల నిరసనలోనే గడిచింది. ఆగస్టు 13న ప్రాక్టీసులో ఎడమ మోకాలు దెబ్బతింది. ముంబైలో ఆపరేషన్ జరిగిన రోజు ఆగస్టు 17. రియో తర్వాత సరిగ్గా ఏడేళ్ళు.

ఈసారి తొమ్మిది నెలలు ఆగే వీల్లేదు. 2024 ఫిబ్రవరిలో, ఆరు నెలలైనా నిండకముందే, జైపూర్ జాతీయ పోటీల్లో 55 కిలోల స్వర్ణం గెలిచింది. దీన్ని చూసి మన కుర్రాళ్ళు తొందరపడితే మాత్రం తప్పే. ఆమె చుట్టూ నిపుణులున్నారు, ఎదురుగా ఒలింపిక్ గడువుంది.

అసలు మూల్యం మోకాలి దగ్గర పడలేదు. ఆమె కోలుకుంటున్న సెప్టెంబరులో, ఆమె ఆడే 53 కిలోల విభాగంలో పారిస్ కోటాను మరో భారత రెజ్లర్ అంతిమ్ పంఘల్ సాధించింది. వినేశ్ 50కి దిగాల్సి వచ్చింది. ఆ మూడు కిలోలు కరిగించడం రిహాబ్ కన్నా కష్టమైన పనేనని నా అభిప్రాయం. పెంచాల్సిన తొడ కండ ఒకవైపు, తగ్గించాల్సిన బరువు మరోవైపు.

పారిస్‌లో ఆగస్టు 6న, అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరగని జపాన్ రెజ్లర్ యుయి సుసాకిని ఆఖరి క్షణాల్లో పడగొట్టి 3-2తో గెలిచింది. అదే రోజు మరో రెండు బౌట్లు గెలిచి ఫైనల్ చేరింది. మోకాళ్ళు రెండూ నిలిచాయి. మర్నాడు పొద్దున తూకంలో ముల్లు 50 కిలోలు దాటి వంద గ్రాములు ఎక్కువ చూపింది. ఆమెపై అనర్హత వేటు పడింది.