లాందా కుండలో జీర్ణక్రియ

అన్నం ఎలా అరుగుతుందని అడిగితే మనవాళ్ళు ఠక్కున "జఠరాగ్ని" అంటారు. కడుపులో అగ్నీ లేదు, పొగా లేదు. ఆ అగ్ని ఎలా ఆరిపోయిందో చెప్పడానికి బస్తర్ ఆదివాసుల లాందా కుండ దగ్గర మొదలుపెడతాను.

లాందా బియ్యంతో చేసే మత్తు పానీయం. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికిస్తారు. చల్లారాక నీళ్ళు పోసి, మొలకెత్తించి ఎండబెట్టి దంచిన మొక్కజొన్న పొడి కలిపి కొన్ని రోజులు కుండలో ఉంచుతారు. ఈస్టు పిండిపదార్థాన్ని నేరుగా తినలేదు. ముందు దాన్ని ఎవరో చక్కెరగా మార్చాలి. ఆ పని మొలకల పొడిది. మరి ఎండబెట్టి దంచిన మొలకలో ప్రాణం ఎక్కడుంది?

1833లో పారిస్‌లో పాయెన్, పెర్సోజ్ అనే రసాయనవేత్తలు మొలకెత్తిన బార్లీ సారంలో ఆల్కహాలు పోసి ఒక తెల్లని పదార్థాన్ని విడదీశారు. అది కొంచెం వేస్తే చాలు, పిండిపదార్థం చక్కెర అవుతుంది. మరిగిస్తే మాత్రం పని చెయ్యదు. దానికి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మన లాలాజలమూ ఇదే పని చేస్తుందని అంతకు రెండేళ్ళ ముందే లాయిక్స్ చూపించాడు. వట్టి అన్నం కాసేపు నమిలి చూడండి, తియ్యబడుతుంది. 1836లో ష్వాన్ జీర్ణాశయపు పొరలో మాంసకృత్తులను కరిగించే పెప్సిన్‌ను గుర్తించాడు. ఆమ్లంతో కలిస్తే అది గాజుపాత్రలో కూడా పని చేస్తుంది. కడుపు అక్కర్లేదు.

ఇంతటితో ప్రాణశక్తివాదం చావలేదు. చక్కెర ఆల్కహాలుగా మారాలంటే బతికున్న ఈస్టు ఉండి తీరాలన్నాడు పాశ్చర్. ఆయన మన స్వాముల్లాంటివాడు కాదు, ప్రయోగం చేసి చెప్పినవాడు. అయినా ఈ విషయంలో పొరబడ్డాడు. 1897లో బుక్నర్ ఈస్టును ఇసుకతో నూరి, కణాలు లేకుండా రసం పిండి, చక్కెర కలిపాడు. బతికున్న కణం లేకుండానే పులిసింది! 1907లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంటే లాందా కుండలో జరిగే రెండు పనుల్లో మొదటిదాని గుట్టు 1833లో, రెండోదాని గుట్టు 1897లో బయటపడ్డాయన్నమాట.

అలాగని "ఆదివాసులకు ఎంజైములు ముందే తెలుసు" అనకండి. అది పుష్పక విమానం జబ్బే. వాళ్ళకు తెలిసింది పద్ధతి, అదీ చిన్న విషయమేమీ కాదు. కారణం మాత్రం ప్రయోగశాలలో దొరికింది.

ఈ రోజుల్లో "సజీవ ఎంజైములు" ఉన్నాయంటూ పచ్చి రసాలు అమ్ముతున్నారు. ఎంజైము ప్రాణి కాదు, ఒక మాంసకృత్తు. మింగితే చాలావరకు కడుపులోని ఆమ్లానికి చెడిపోతుంది, పెప్సిన్ దాన్ని ముక్కలు చేస్తుంది. మన లాలాజలపు ఎంజైము గతి కూడా అంతే. అన్నంలో మిగిలిన పిండిపదార్థాన్ని చిన్నపేగులో మళ్ళీ పట్టించుకునేది క్లోమరసం.