పాత గంజాం జిల్లా: చేలలో జింకలు, పెరళ్లలో పక్షులు

గంజాం జిల్లా యనగానే నేటి తెలుగువారికి ఒడిశాలోని బరంపురము, ఛత్రపురము స్ఫురించును. 1936 ఏప్రిలు 1వ తేదీకి పూర్వము అది మదరాసు రాజధానిలోని జిల్లా; టెక్కలి సీమయు అందే చేరియుండెను. ఒరిస్సా రాష్ట్రము వేరుపడిన ఆ దినమున జిల్లా రెండుగా చీలెను. ఉత్తర భాగమున తెలుగు కుటుంబములనేకము నిలిచిపోయెను. దక్షిణ భాగము విశాఖపట్టణము జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళము జిల్లాకు చెందెను. అయినను ఆ పాత జిల్లా ఉభయ భాగములందును ఒక సదాచారము నేటికిని కానవచ్చుచున్నది. తన సొంత భూమిని ఆశ్రయించిన వన్యప్రాణిని హింసింపకుండుటయే అది.

ఉత్తరమున కృష్ణజింక దీనికి నిదర్శనము. బుగుడ, అస్కా, పొలసర ప్రాంతములందు, ముఖ్యముగా భేట్నోయి, బాలిపదర్ గ్రామముల చుట్టును, ఈ జింకలు రైతుల చేలలోనే తిరుగాడును. పూర్వమొక అనావృష్టి కాలమున కొన్ని జింకలు రాగా వాన కురిసెనని అచ్చటి వృద్ధులు చెప్పుదురు. ఆ నమ్మకమే కట్టుబాటై, పైరు మేసినను జింకను కొట్టరాదనుట వాడుకయైనది. అటవీశాఖ గణన ప్రకారము 2011లో అచ్చట 2,194 జింకలుండెను. 2013లో ఫైలిన్ తుపాను ఆ జిల్లాను అతలాకుతలము చేసినను, 2018 నాటికి వాని సంఖ్య 4,082 అయ్యెను. 2023లో 7,700 దాటెను. పూరీ చెంతనున్న బాలూఖండ–కోణార్క అభయారణ్యమున మాత్రము 2012 నాటికి ఈ జాతి కనుమరుగయ్యెను. ప్రభుత్వపు అడవిలో నిలువని ప్రాణి రైతు చేనిలో నిలిచెనన్నమాట.

దక్షిణమున టెక్కలి చెంతనున్న తేలినీలాపురము రెండవ నిదర్శనము. గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు ఏటేట వచ్చి ఊరిచెట్లపై గూళ్లు కట్టి పిల్లలను లేపును. వీనిని సైబీరియా పక్షులనుట వాడుకయైనను, ఇవి మన దేశపు పక్షులే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గూటిచెట్లను కూల్చెను. 2021 డిసెంబరు మొదలుకొని కొలది వారములలో, చేపల ద్వారా సోకిన పరాన్నజీవుల వలన వందకు పైగా గూడబాతులు చనిపోయెను. చెట్టు కాచినంత మాత్రమున చాలదనియు, పక్షి మేతకు పోవు చెరువును గూడ కావవలెననియు ఈ విపత్తు తెలిపినది.

మరి చట్టమేమి చేయగలదు? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను అరికట్టినది. 2002 నాటి సవరణ, సొంతదారులు స్వచ్ఛందముగా ముందుకు వచ్చినచో వారి భూమిని సాముదాయిక రక్షిత ప్రాంతముగా ప్రకటించుటకు వీలు కల్పించినది. కర్ణాటకమున మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్ళూరు 2007లో అట్లే ప్రకటితమయ్యెను. అచ్చట పక్షుల గూళ్ల వలన చింతపండు నష్టపోవు చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారమిచ్చు పద్ధతి కలదు. అయితే ఒకసారి ప్రకటించిన పిమ్మట ఆ భూమి వినియోగమును మార్చుటకు నిర్వాహక సంఘము తీర్మానమును, ప్రభుత్వ ఆమోదమును కావలెను. కొద్దిపాటి భూమిపై బ్రతుకు రైతు ఇందుకు సంకోచించుట సహజము.

కావున ఈ సంరక్షణకు మూలము యజమాని సమ్మతియే. తాతలు దానిని నమ్మకముతో నిచ్చిరి. భూమి విలువ పెరిగిన నేడు మనుమలు ఇత్తురో లేదో, వారి నష్టమును తక్కినవారు ఏ మాత్రము పంచుకొందురను దానిపై ఆధారపడియున్నది. జింకను చూచి మురియువారు మేయబడిన పైరును గూడ చూడవలెను. పాత జిల్లాకు ఇరువైపుల నివసించు తెలుగువారు ఈ ఉమ్మడి వారసత్వమును గుర్తించి, రైతుకు సకాలమున పరిహారము లభించునట్లు తమ తమ ప్రభుత్వములను కోరుట ఉచితము.