అమెరికా వాకిట్లో సామ్యవాదం



మా పక్కింటి పిన్నిగారు ఆర్నెల్లు అమెరికాలో కూతురి దగ్గర ఉండి వచ్చారు. మంచు కబుర్లు, మనవడి కబుర్లు అయ్యాక ఒక సంగతి ఎత్తారు. "అక్కడ ఎన్నికల్లో నిలబడ్డ ఒకాయన తాను సోషలిస్టునని చెప్పుకున్నాడటే అమ్మాయ్! మా అల్లుడి స్నేహితుడొకడు ఆ మాట వింటూనే తేలు కుట్టినట్టు ఎగిరిపడ్డాడు. అది మా దేశపు సరుకు కాదు, పరాయిది అన్నాడు. మరి మనవణ్ణి బడికి తీసుకుపోయే పచ్చబస్సుకు డబ్బు తీసుకోరు, బడికి ఫీజు లేదు, లైబ్రరీలో పుస్తకాలు ఊరికే ఇస్తారు. ఇవన్నీ ఏమిటి మరి?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను చదివిన సంగతులే ఇవాళ మీకు చెబుతాను.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. సోషలిజం అనగానే కొందరికి తుపాకులు, ఒకే పార్టీ పాలన గుర్తొస్తాయి. ప్రజాస్వామిక సోషలిజం అనేది వేరు. నీళ్ళు, కరెంటు, రైళ్ళు, వైద్యం, చదువు లాంటివి కొద్దిమంది లాభానికి కాకుండా అందరి అజమాయిషీలో ఉండాలి. ఆ అజమాయిషీ ఓటుతోనే రావాలి, జనానికి నచ్చకపోతే ఓటుతోనే పోవాలి. ఇదీ వాళ్ళ మాట.

మరి ఇది అమెరికాకు పరాయిదా? పిన్నిగారి మనవడి బడినే చూడండి. అక్కడ పొద్దున్నే పిల్లలు గుండెమీద చెయ్యి పెట్టుకుని జెండాకు ప్రతిజ్ఞ చెబుతారు. 1892లో దాన్ని రాసిన ఫ్రాన్సిస్ బెల్లమీ బాప్టిస్టు మతబోధకుడు, పైగా క్రైస్తవ సోషలిస్టు! సోషలిజం పేరు చెబితే మండిపడే పెద్దమనుషులు కూడా చిన్నప్పుడు ఆయన మాటలు వల్లించినవాళ్ళే.

ఇంకా వెనక్కి పోదాం. 1776లో ఇంగ్లీషు రాజు మీద జనాన్ని కదిలించిన 'కామన్ సెన్స్' పుస్తకం రాసిన టామస్ పెయిన్ 1797లో మరో చిన్న పుస్తకం అచ్చువేశాడు. భూమి మొదట అందరిదీ, కాబట్టి భూమి గలవాళ్ళ ఆస్తి నుంచి కొంత తీసి ఒక నిధి పెట్టమన్నాడు. అందులోంచి 21 ఏళ్ళు నిండిన ప్రతి మనిషికీ 15 పౌన్లు, 50 దాటినవాళ్ళకు బతికినన్నాళ్ళూ ఏటా 10 పౌన్లు ఇమ్మన్నాడు. వృద్ధాప్య పింఛను అన్నమాట! అప్పటికి కార్ల్ మార్క్స్ ఇంకా పుట్టనే లేదు. పెయిన్‌ను సోషలిస్టు అనడం కాలానికి కాస్త ముందు పోవడమే అవుతుంది గాని, విత్తనం ఎక్కడిదో చెప్పడానికి ఈ మాత్రం చాలు.

ఆ విత్తనాన్ని మొక్క చేసినవాడు యూజీన్ డెబ్స్. ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్ అనే ఊళ్ళో 1855లో పుట్టాడు. కుర్రతనంలో రైలింజను బొగ్గుపొయ్యి దగ్గర పనిచేశాడు. 1894లో పుల్‌మన్ రైలుపెట్టెల కంపెనీ కూలి తగ్గించి, కూలీల ఇళ్ళ అద్దెలు మాత్రం తగ్గించలేదు. కూలీలు సమ్మె కట్టారు, డెబ్స్ రైల్వే సంఘం వాళ్ళ పక్షాన నిలిచింది. ప్రభుత్వం సైన్యాన్ని దింపింది, డెబ్స్‌ను ఆరు నెలలు జైల్లో పెట్టింది. బయటికొచ్చాక ఆయన సోషలిస్టు అయ్యాడు. అయిదుసార్లు అధ్యక్ష పదవికి పోటీచేశాడు. 1912లో 9 లక్షల పైచిలుకు ఓట్లు, అంటే నూటికి ఆరు వచ్చాయి. ఓటేసినవాళ్ళు ఎవరనుకున్నారు? న్యూయార్కులోని వలసవాళ్ళొక్కరే కారు. ఓక్లహామాలో అప్పుల్లో మునిగిన కౌలురైతులు, కాన్సాస్ రాష్ట్రపు పల్లెజనం కూడా. వాళ్ళు చదివే 'అపీల్ టు రీజన్' పత్రిక అచ్చయ్యేది గిరార్డ్ అనే చిన్న ఊళ్ళో.

మన ఇంగ్లీషు వాచకాల్లో హెలెన్ కెల్లర్ పాఠం చదువుకున్నాం కదా! చూపు, వినికిడి లేని ఆమె అక్షరాలు నేర్చుకున్న కథతోనే పాఠం ఆగిపోతుంది. ఆమె 1909లో సోషలిస్టు పార్టీలో చేరిందని మనకెవరూ చెప్పలేదు. అంతకుముందు ఆమె తెలివిని ఆకాశానికెత్తిన ఒక పత్రికా సంపాదకుడు, ఆమె సోషలిస్టని తెలిశాక, అంగలోపం వల్లే అలా పొరపాటు పడిందని రాశాడు. అంధత్వం ఎందుకొస్తుందో వెతుకుతూ పోతే పేదరికం, ఫ్యాక్టరీ ప్రమాదాలు కనిపించాయని చెప్పిన మనిషి ఆమె. 1912లో ఆయనకు ఘాటుగానే సమాధానం రాసింది. నాకెంత సంతోషమేసిందో!

అయితే ఇల్లాలిగా నన్ను బాగా ఆకట్టుకున్నది మిల్వాకీ నగరం. మిషిగన్ సరస్సు ఒడ్డున, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉంది. బీరు తయారీకి పేరు. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. లంచాలతో విసిగిపోయిన జనం 1910లో ఎమిల్ సీడెల్ అనే కొయ్యశిల్పం పనివాణ్ణి మేయరుగా ఎన్నుకున్నారు. సోషలిస్టు మేయరు గద్దెనెక్కిన తొలి పెద్ద నగరం అదే. రెండేళ్ళు తిరక్కుండా రెండు పెద్ద పార్టీలూ వైరం మరిచి ఏకమై ఆయన్ని ఓడించాయి. ఆ తరవాత 1916లో డేనియల్ హోన్ అనే మరో సోషలిస్టు గెలిచాడు. గెలిచి ఎన్నాళ్ళున్నాడు? 1940 దాకా, ఇరవై నాలుగేళ్ళు!

ఏం చేశారు వీళ్ళు? పార్కులు వేశారు, టీకాలు వేయించారు, పాల నాణ్యత చూశారు, గార్డెన్ హోమ్స్ పేరిట నూరు పైచిలుకు సహకార గృహాలు కట్టించారు. అన్నిటికన్నా ముఖ్యం, మురుగు సంగతి పట్టించుకున్నారు. నగరం మురుగంతా తాగే నీటి సరస్సులోనే కలిసేది. 1925లో జోన్స్ ఐలండ్ దగ్గర మురుగును శుద్ధిచేసే పెద్ద కర్మాగారం పని మొదలుపెట్టింది. తేరిన బురదను ఎండబెట్టి, మిలార్గనైట్ అని పేరు పెట్టి, 1926 నుంచి ఎరువుగా అమ్మడం మొదలెట్టారు. ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. మురుగు కూడా డబ్బు తెచ్చిపెడుతోందంటే ఆ యింటి లెక్క చూసేవాళ్ళు గట్టివాళ్ళే మరి!

విప్లవం గురించి గంటల తరబడి మాట్లాడే సోషలిస్టులకు ఇది నచ్చలేదు. 1932లో తమ మహాసభలోనే న్యూయార్కు నాయకుడు మోరిస్ హిల్‌క్విట్ వీళ్ళను 'మురుగుకాలవల సోషలిస్టులు' అని ఎగతాళి చేశాడు. మిల్వాకీ వాళ్ళు ఆ పేరునే గర్వంగా పెట్టుకున్నారు. తూము మూసుకుపోయిన రోజు వంటింట్లో నిలబడ్డ ఏ ఆడదీ ఆ మాటను ఎగతాళిగా తీసుకోదు. తరవాత 1948 నుంచి 1960 దాకా ఫ్రాంక్ జైడ్లర్ అనే మూడో సోషలిస్టు అక్కడ మేయరుగా ఉన్నాడు. రష్యాతో వైరం ముదిరి, ఎవరిమీద ఎర్రముద్ర పడుతుందోనని దేశమంతా వణికిపోతున్న రోజులవి. అయినా ఆ ఊరు ఆయన్ని మూడుసార్లు ఎన్నుకుంది.

ఆ ఊళ్ళోనే మెటా బెర్గర్ అనే ఇల్లాలు 1909లో పాఠశాలల బోర్డుకు ఎన్నికైంది. దేశమంతటా ఆడవాళ్ళకు ఓటు వచ్చింది 1920లో. ఈమె అంతకు పదకొండేళ్ళ ముందే బోర్డులో కూర్చుని ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. ఆమె భర్త విక్టర్ బెర్గర్ అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన తొలి సోషలిస్టు. వృద్ధాప్య పింఛను బిల్లు 1911లో అక్కడ మొదట పెట్టినవాడు ఆయనే. సాటి సభ్యులు నవ్వి ఊరుకున్నారు.

నవ్వుతో పోయిందా అంటే, లేదు. మొదటి ప్రపంచయుద్ధం రాగానే సోషలిస్టులు యుద్ధం వద్దన్నారు. అంతే, మాట్లాడటమే నేరమైంది. బెర్గర్‌కు ఇరవై ఏళ్ళ శిక్ష వేశారు. కేసు ఇంకా తేలకముందే 1918లో జనం ఆయన్ని మళ్ళీ గెలిపించారు. కాంగ్రెసు కూర్చోనివ్వలేదు. మళ్ళీ ఎన్నిక పెడితే మళ్ళీ ఆయనే గెలిచాడు, మళ్ళీ కూర్చోనివ్వలేదు. ఓటే దేవుడని చెప్పుకునే దేశంలో ఇది జరిగింది! 1921లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. 1923లో గాని ఆయనకు కుర్చీ దొరకలేదు.

డెబ్స్ 1918 జూన్‌లో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. దానికి పదేళ్ళు. కోర్టులో జ్యూరీ ముందు ఆయన చెప్పింది ఏమిటంటే, వాషింగ్టన్, జెఫర్సన్, పెయిన్ అందరూ తమ కాలంలో తిరుగుబాటుదారులే అని. పరాయిదేశపు సిద్ధాంతాన్ని కాదు, తన దేశపు పెద్దల్నే సాక్ష్యం పిలిచాడన్నమాట. 1920లో అట్లాంటా జైల్లో 9653 నంబరు ఖైదీగా ఉంటూనే అధ్యక్ష పదవికి పోటీచేస్తే 9 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి. 1921 క్రిస్మసుకు అధ్యక్షుడు హార్డింగ్ విడిచిపెట్టాడు.

నలుగురు పిల్లల తల్లి కేట్ రిచర్డ్స్ ఓహేర్‌కు కూడా 1917లో ఉత్తర డకోటాలో ఇచ్చిన ఉపన్యాసానికి అయిదేళ్ళు వేశారు. పిల్లల్ని వదిలి 1919 ఏప్రిల్‌లో మిస్సోరీ జైలుకు వెళ్ళింది. అక్కడ ఆడఖైదీల చేత కాంట్రాక్టర్ల కోసం బట్టలు కుట్టించేవారు. పధ్నాలుగు నెలలకు విడుదలైంది గాని ఆ గోడలను మరిచిపోలేదు. తరవాత జైళ్ళ సంస్కరణే ఆమె పని అయింది.

వీళ్ళందరూ మచ్చలేనివాళ్ళని చెబితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. బెర్గర్ 1902లో నల్లవారిని తక్కువజాతి అని రాశాడు. ఇంతసేపూ నేను మెచ్చుకున్న కేట్ కూడా నల్లవారూ తెల్లవారూ విడిగా బతకాలన్నది. అదీ ఆ దేశపు సంప్రదాయమే, ఏం చేస్తాం! డెబ్స్ మాత్రం నల్లవారిని విడిగా కూర్చోబెట్టే సభల్లో మాట్లాడనన్నాడు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన ఆ మహాప్రదర్శనకు సారథ్యం వహించిన ఫిలిప్ రాండాల్ఫ్ కూడా పాత సోషలిస్టే.

మరి ఇంత ఉన్నా అక్కడ పార్టీ ఎందుకు నిలబడలేదు? జర్మనీ పండితుడు వెర్నర్ సోంబార్ట్ 1906లోనే ఈ ప్రశ్న వేశాడు. అమెరికా కూలివాడి పళ్ళెంలో మాంసం, యాపిల్ తీపివంటకం ఉండగా సామ్యవాద స్వప్నాలు నిలబడవన్నాడు. కడుపు నిండితే తిరుగుబాటు రాదన్నమాట. నాకు ఇది సగమే నిజమనిపిస్తుంది. ఓక్లహామా కౌలురైతు పళ్ళెంలో ఏమున్నదో ఆయన చూడలేదు. అసలు చిక్కు ఎన్నికల పద్ధతిలో ఉంది. ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే సీటు, మూడోవాడికి పడ్డ ఓట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరు. పైగా 1919లో సోషలిస్టులూ కమ్యూనిస్టులూ చీలిపోయారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ, వాళ్ళు అడిగినవి పెద్ద పార్టీలు ఇచ్చేయడం.

ఎలాగంటే, అప్టన్ సింక్లెయిర్ అనే సోషలిస్టు షికాగో మాంసం ఫ్యాక్టరీల కూలీల మీద 'ది జంగిల్' నవల రాశాడు. జనం కూలీల సంగతి వదిలేసి తమ తిండిలో ఏం కలుస్తోందోనని బెంబేలెత్తారు. అదే 1906లో ఆహారశుద్ధి చట్టం, మాంస తనిఖీ చట్టం వచ్చాయి. నేను ఒకటనుకుంటే ఇంకొకటయిందని ఆయన వాపోయాడు. 1935లో రూజ్‌వెల్టు ప్రభుత్వం సోషల్ సెక్యూరిటీ చట్టం తెచ్చింది. కార్మికశాఖ మంత్రిగా దాని కోసం పాటుపడిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్, అక్కడ మంత్రివర్గంలో కూర్చున్న తొలి మహిళ. బెర్గర్ అడిగిన వృద్ధాప్య పింఛను ఇరవై నాలుగేళ్ళకు వచ్చిందన్నమాట. అయితే పొలం కూలీలకూ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకూ మొదట్లో అది వర్తించలేదు. నల్లజాతి స్త్రీలు ఎక్కువగా చేసేది ఆ పనులే.

కాబట్టి నా మట్టుకు నాకు తోచేదేమంటే, ఆ పనులు అమెరికా సంప్రదాయంలో ఎప్పుడో ఇమిడిపోయాయి. ఇమడనిది ఆ పేరు.

ఈ మాట చెబితే పిన్నిగారు వెంటనే పట్టుకున్నారు. "అయితే ఆ పేరు తీసేసి నిలబడొచ్చుగా?" అని. నిలబడ్డారండీ! పైన చెప్పిన సింక్లెయిరే డెమొక్రాటిక్ పార్టీలో చేరి 1934లో కాలిఫోర్నియా గవర్నరు పదవికి పోటీచేశాడు. సోషలిస్టుగా నిలబడ్డప్పుడు ఎన్నడూ రానన్ని ఓట్లు, 8 లక్షల 70 వేలకు పైగా వచ్చాయి. అయినా ఓడిపోయాడు. 1981లో బర్లింగ్టన్ అనే చిన్న నగరంలో పది ఓట్ల ఆధిక్యతతో మేయరైన బెర్నీ శాండర్స్ ఏ పార్టీకీ చెందనివాడు. అయినా 2016లో, 2020లో డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వానికే పోటీపడ్డాడు. సోషలిస్టునన్న మాట మాత్రం దాచుకోలేదు. 2025 నవంబరులో న్యూయార్కు మేయరుగా ఎన్నికైన జోహ్రాన్ మమ్దానీ కూడా డెమొక్రాటిక్ టిక్కెట్టు మీద గెలిచినవాడే, ప్రజాస్వామిక సోషలిస్టునని బాహాటంగా చెప్పుకున్నవాడే. అద్దెలు పెరగకుండా చూస్తాననీ, సిటీ బస్సులకు టిక్కెట్టు తీసేస్తాననీ, పసిపిల్లల సంరక్షణ ఉచితం చేస్తాననీ మాట ఇచ్చాడు.

ఆయన తల్లి సినిమాలు తీసే మీరా నాయర్ అని నోరుజారి చెప్పాను. "ఆవిడ కొడుకా!" అని పిన్నిగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఇక అద్దెల సంగతీ, బస్సుల సంగతీ ఆ పూటకు అడగనే లేదు.